పొట్టు దిమ్మల సైటుకు లింకులు ఎక్కడి నుంచి వస్తాయి

మీరు అడిగింది ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కదా. అంబాజీపేట దగ్గర మీ నాన్నగారు చాలా ఏళ్లుగా కొబ్బరి డొక్కల నుంచి పీచు, పొట్టు తీసే యూనిట్ నడుపుతున్నారు. మూడేళ్ల క్రితం మీరు ఆ పొట్టును అదిమి చేసే కోకోపీట్ దిమ్మలు నేరుగా అమ్మడానికి వెబ్‌సైట్ పెట్టారు. పోయిన ఏడాది బ్రాండ్ పేరు మార్చి కొత్త డొమైన్‌లోకి, అంటే కొత్త వెబ్ చిరునామాలోకి వెళ్లారు. ఇప్పుడు గూగుల్‌లో వెతికితే తమిళనాడులోని పొల్లాచ్చి కంపెనీలు, ఇండియామార్ట్, అమెజాన్ వస్తున్నాయి తప్ప మీ సైటు మూడో పేజీలో కూడా లేదు. ఈలోగా ఒకతను ఫోన్ చేసి ఆరు వేలిస్తే ఐదు వేల బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మీ సైటుకు వచ్చే లింకులు), అన్నీ డీఏ (డొమైన్ అథారిటీ అనే స్కోరు) 50 పైనే, నెలలో మొదటి పేజీ గ్యారంటీ అన్నాడు. కొనాలా? కొనకపోతే మంచి లింకులు ఎలా తెచ్చుకోవాలి? ఇదీ మీ ప్రశ్న.

కొనకండి. ఆ ఆరు వేలు గోదాట్లో కలిసినట్టే. డబ్బు పోతే పోయిందిలే అనుకోవడానికి కూడా లేదు, ఒక్కోసారి సైటుకే చేటు వస్తుంది.

నేను భీమవరంలో ఉంటాను. చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు చూసుకోవడమే చాలా ఏళ్లుగా నా పని. 2011లో నరసాపురం వైపు లేసు ఎగుమతి చేసే ఒకాయన సైటు నా చేతిలో ఉండేది. లింకులు కొనడం తప్పని గూగుల్ అప్పటికే చెబుతున్నా, చుట్టూ అందరూ కొనేవాళ్లు. నేనూ ఒక ఏజెన్సీ దగ్గర ప్యాకేజీ కొన్నాను. కొన్ని నెలలు సైటు బాగా పైకి వెళ్లింది. 2012 ఏప్రిల్ 24న గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. కొన్న లింకులతో పైకి వచ్చిన సైట్లను కిందికి తోయడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. కొద్ది రోజుల్లోనే మా సైటు కనిపించకుండా పోయింది. ఆయనకు విదేశాల నుంచి వచ్చే ఎంక్వైరీలన్నీ ఆ సైటు మీదే వచ్చేవి. అవి ఆగిపోయేసరికి, ఇళ్ల దగ్గర కూర్చుని లేసు అల్లే ఆడవాళ్లకు పని తగ్గింది. ఆ సంగతి ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

తర్వాత నేను ఒక్కో సైటు వాళ్లకూ మెయిల్ రాసి, లింకు తీసేయమని బతిమాలాను. కొందరు తీయడానికి మళ్లీ డబ్బు అడిగారు. ఆ ఏడాది అక్టోబరులో గూగుల్ డిసవో టూల్ ఇచ్చింది, అంటే ఫలానా లింకులను లెక్కలోకి తీసుకోవద్దని మనమే చెప్పుకునే సదుపాయం. అది కూడా వాడాను. కానీ శుభ్రం చేసిన మర్నాడే సైటు లేచి కూర్చోదు. అప్పట్లో పెంగ్విన్‌ను గూగుల్ ఎప్పుడో ఒకసారి మళ్లీ నడిపేది, నడిపిన రోజునే తేడా తెలిసేది. 2014 అక్టోబరులో ఒకసారి నడిపాక, మళ్లీ 2016 సెప్టెంబరు దాకా ఎదురు చూడాల్సి వచ్చింది. అంతకాలం ఆగగలిగే చిన్న వ్యాపారం ఎక్కడుంటుంది చెప్పండి.

2016 నుంచి పెంగ్విన్ గూగుల్ అసలు లెక్కలోనే కలిసిపోయి ఎప్పటికప్పుడు నడుస్తోంది. ఇప్పుడు చెత్త లింకులు కనిపిస్తే సైటును తొక్కేయడం కన్నా, ఆ లింకులను లెక్కలోంచి తీసేయడమే ఎక్కువ. 2022 డిసెంబరు నుంచి స్పామ్‌బ్రెయిన్ అనే కృత్రిమ మేధతో లింకులు అమ్మే సైట్లను, కొనే సైట్లను కూడా పట్టుకుంటున్నామని గూగుల్ ప్రకటించింది. అంటే మీరు ఆరు వేలు పెట్టి కొన్న ఐదు వేల లింకులు చాలావరకు సున్నా కిందే లెక్క. పరిస్థితి శృతి మించితే గూగుల్ మనిషే చూసి మాన్యువల్ యాక్షన్, అంటే సైటుకు శిక్ష వేస్తాడు. అది సెర్చ్ కన్సోల్‌లో, అంటే సైటు యజమానులకు గూగుల్ ఉచితంగా ఇచ్చే టూల్‌లో కనిపిస్తుంది. దాన్ని తీయించుకోవాలంటే లింకులన్నీ తీసేసి, పునఃపరిశీలన కోసం అర్జీ పెట్టుకోవాలి.

ఇక ఆ "డీఏ 50" మాట. డొమైన్ అథారిటీ అనేది మోజ్ అనే కంపెనీ తన సొంత లెక్కతో ఇచ్చే అంకె. గూగుల్‌కు దానితో ఏ సంబంధమూ లేదు. ఒక సైటు సంగతి పైపైన తెలుసుకోవడానికి పనికొస్తుంది, అంతవరకే. లింకులు అమ్మేవాళ్లు ఆ అంకెను కృత్రిమంగా పెంచి చూపిస్తారు. అతన్ని ఓ పది సైట్ల పేర్లు అడిగి తీసుకుని తెరిచి చూడండి. ఒకే సైటులో కేసినో, పర్సనల్ లోను, పళ్ల డాక్టరు, కుక్కల మేత, కోకోపీట్ వరసగా కనిపిస్తాయి. అలాంటి సైటును మనిషన్నవాడు ఎవడూ చదవడు.

అసలు గూగుల్ లింకును ఎందుకు లెక్కపెడుతుందో తెలిస్తే, మిగతాదంతా మీకే తడుతుంది. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో చదువుకునే లారీ పేజ్, సెర్గీ బ్రిన్ పేజ్‌ర్యాంక్ అనే పద్ధతి తెచ్చారు. ఒక పేజీ ఇంకో పేజీకి లింకు ఇచ్చిందంటే దాని తరఫున పూచీ పడినట్టు. పూచీ పడినవాడికి ఎంత పరపతి ఉంటే ఆ మాటకు అంత బరువు. మన కాలువల వరసలోనే దీన్ని చూడొచ్చు. ధవళేశ్వరం దగ్గర నీళ్లు పెద్ద కాలువలోకి వస్తాయి, అక్కడి నుంచి పిల్ల కాలువల్లోకి, వాటి నుంచి బోదెల్లోకి, చివరికి చేలోకి. పెద్ద కాలువ నుంచి నేరుగా తూము ఉన్న చేనికీ, పది బోదెలు దాటి నీళ్లు అందాల్సిన శివారు చేనికీ ఎంత తేడా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఒకే తూము కింద వంద చేలుంటే ఒక్కోదానికి వచ్చేది ఎంత? ఒకే పేజీలో వంద మందికి లింకు ఇస్తే ఒక్కొక్కరికి వచ్చేదీ అంతే. అందుకే ఐదు వేల లింకుల కన్నా, మీ పని తెలిసిన ఒక మంచి సైటు మీ పేరు చెప్పడం మేలు. ఇప్పుడు గూగుల్ చూసే సంకేతాల్లో లింకు ఒకటి మాత్రమే, పాతికేళ్ల నాటంత బలం దానికి లేదు. అయినా మీలాంటి కొత్త సైటును నమ్మడానికి ఇంకా అదీ ఒక ముఖ్యమైన ఆధారమే.

ఇప్పుడు చేయాల్సిన పనికి వద్దాం. మొదటిది, మీరు ప్రశ్నలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన సంగతి: పాత డొమైన్. రెండేళ్లు నడిచిన సైటు అది. ఆ రెండేళ్లలో ఎవరో ఒకరు దానికి లింకు ఇచ్చే ఉంటారు. ఆ లింకులన్నీ ఇప్పుడు ఎండిపోయిన బోదెలోకి పోతున్నాయి. పాత డొమైన్ ఇంకా మీ పేరు మీదే ఉందా, రెన్యువల్ తేదీ ఎప్పుడో ఇవాళే చూడండి. చేతిలో ఉంటే పాత పేజీ ఒక్కోదాన్నీ దానికి సరిపోయే కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ చేయించండి, అంటే పాత అడ్రస్‌కు వచ్చినవాళ్లు దానంతట అదే కొత్త అడ్రస్‌కు వెళ్లే శాశ్వత ఏర్పాటు. అన్నింటినీ హోమ్‌పేజీకి తిప్పేయకండి, చాలామంది అక్కడే తప్పు చేస్తారు. 5 కిలోల దిమ్మ పేజీ 5 కిలోల దిమ్మ పేజీకే వెళ్లాలి. సెర్చ్ కన్సోల్‌లో అడ్రస్ మార్పు కూడా తెలియజేయండి. రీడైరెక్ట్‌లు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది, నేనైతే డొమైన్‌ను వదలనే వద్దంటాను. గడువు తీరిపోతే ఇంకెవరో కొని, మీ పాత పేరు మీద ఏదో అమ్ముకుంటారు. కొత్త లింకు ఒక్కటి సంపాదించడానికి పడే కష్టంతో పోలిస్తే ఇది ఒక్క పూట పని. ఇలా పోగొట్టుకున్నవి వెనక్కి తెచ్చుకున్నాకే కొత్తవాటి సంగతి చూడమని అందరికీ చెప్తాను.

సెర్చ్ కన్సోల్‌లో "లింకులు" అనే రిపోర్టు ఉంటుంది. పాత సైటుదీ, కొత్త సైటుదీ రెండూ దించుకుని పక్కపక్కన పెట్టి చూడండి. పాతదానికి లింకు ఇచ్చినవాళ్లలో మీకు తెలిసినవాళ్లుంటే ఫోన్ చేసి "అండీ, మా సైటు అడ్రస్ మారింది, మీ పేజీలో కూడా మార్చగలరా" అని అడగండి. కాదనేవాళ్లు తక్కువే.

ఇలాంటిదే ఇంకో పని చిరునామాది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కదా. దానికి ముందు మీ వివరాలు పెట్టిన చోటల్లా తూర్పు గోదావరి జిల్లా అనే ఉంటుంది. తర్వాత పెట్టిన చోట కోనసీమ. పైగా బ్రాండ్ పేరు కూడా మారింది. జస్ట్‌డయల్, ఇండియామార్ట్, ట్రేడ్‌ఇండియా, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, ఫేస్‌బుక్ పేజీ, ఇవన్నీ ఒకసారి చూసి పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఒకేలా ఉండేటట్టు సరిచేయండి. ఈ డైరెక్టరీ లింకులతో ర్యాంకు పెద్దగా పెరగదు, కానీ ఇవన్నీ ఒకే వ్యాపారమని గూగుల్‌కు తెలుస్తుంది. దగ్గరలో ఎవరైనా వెతికినప్పుడు మ్యాప్‌లో ముందు కనిపించడానికి గూగుల్ మూడు సంగతులు చూస్తుంది: అడిగినదానికి మీరు సరిపోతారా, ఎంత దూరంలో ఉన్నారు, మీకు ఎంత పేరుంది. ఆ మూడోదాంట్లో వేరే సైట్లలో మీ గురించి ఉన్న లింకులు, ప్రస్తావనలు కూడా లెక్కే. ఇలాంటి ప్రధాన డైరెక్టరీలు ఎనిమిదో పదో చాలు. మూడు వందల డైరెక్టరీల్లో పెడతామనేవాళ్ల జోలికి వెళ్లొద్దు.

ఇక అసలు విషయం. మీ సైటు చూశాను. దిమ్మల ఫొటోలు, ధరలు, వాట్సాప్ బటన్, "మేమే ఉత్తమం" అనే ఓ పేరా ఉన్నాయి. ఒక మిద్దె తోట రాసేవాడు గానీ, నర్సరీ ఆయన గానీ, హార్టికల్చర్ చదివే విద్యార్థి గానీ ఆ పేజీకి తన చదువరుల్ని ఎందుకు పంపాలి? ధరల పేజీకి ఎవరూ ఊరికే లింకు ఇవ్వరు. జనానికి పనికొచ్చే ఒక సంగతి మీ దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకనప్పుడే లింకు దానంతట అది వస్తుంది. మీ దగ్గర అలాంటి సంగతి ఉంది. మీ నాన్నగారి అనుభవంలో ఉంది.

కోకోపీట్ కొనేవాళ్లకు ఉండే పెద్ద భయం ఉప్పు. కొబ్బరి పొట్టులో సోడియం, పొటాషియం, క్లోరైడ్ లవణాలు సహజంగానే ఉంటాయి. డొక్కలు ఉప్పునీళ్లలో నానినా, సముద్రం దగ్గరి తోటల నుంచి వచ్చినా అవి ఇంకా ఎక్కువ. కడగని పొట్టులో మొక్క పెడితే ఆకుల అంచులు మాడిపోతాయి. అందుకే అందరూ ఈసీ (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో తెలిపే విద్యుత్ వాహకత) ఎంత అని అడుగుతారు, అమ్మేవాళ్లందరూ 0.5 లోపే అని రాసుకుంటారు. కొలిచి చూపించేవాళ్లు మాత్రం చాలా అరుదు.

మీరు కొలవండి. కడగని పొట్టు, ఒకసారి కడిగింది, రెండుసార్లు, మూడుసార్లు కడిగింది, కాల్షియం నైట్రేట్‌లో నానబెట్టి కడిగింది. పొట్టు ఒక వంతు, డిస్టిల్డ్ నీళ్లు వంతున్నర కలిపి, కాసేపు ఉంచి, వడగట్టి మీటరు పెట్టండి. ఎన్ని మిల్లీసీమెన్స్ వచ్చిందో తేదీతో సహా రాయండి, మీటరు అంకె కనిపించేటట్టు ఫొటో తీయండి. ఇంకో సంగతి, ఇది మన ప్రాంతానికే చెందింది. వేసవిలో కాలువలు కట్టేశాక పొట్టు ఏ నీళ్లతో కడుగుతున్నారు? బోరు నీళ్లతో అయితే, కోనసీమలో సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ భూగర్భజలం ఉప్పగా ఉంటుందని మీకు తెలుసు. ఆ నీళ్లతో కడిగిన పొట్టుకూ, కాలువ నీళ్లతో కడిగిన పొట్టుకూ ఈసీలో ఎంత తేడా వస్తుందో నెలనెలా కొలిచి పెట్టండి. వేసవి సరుకులో అంకె ఎక్కువ వస్తే దాచకుండా రాయండి, దాన్ని ఎలా సరిచేస్తున్నారో కూడా రాయండి. పొల్లాచ్చి కంపెనీలకు ఎన్ని కోట్ల వ్యాపారం ఉన్నా గోదావరి కాలువ నీళ్లతో కడిగిన పొట్టు సంగతి వాళ్లు రాయలేరు. ఏడాది పాటు కొలిచిన ఆ పట్టిక ఒక్క పేజీ చాలు, దాని కోసం జనం వెతుక్కుంటూ వస్తారు.

ఇలాంటివే ఇంకో రెండు మూడు చేయొచ్చు. 5 కిలోల దిమ్మ నీళ్లలో నానితే సుమారు 70 లీటర్ల పొట్టు అవుతుందంటారు కదా, మీ దిమ్మకు నిజంగా ఎంత వచ్చిందో బకెట్లతో కొలిచి, పన్నెండు అంగుళాల కుండీలు ఎన్ని నిండుతాయో చెప్పే చిన్న లెక్క పేజీ పెట్టండి. మిద్దె తోట వాళ్లకు అది రోజూ పనికొస్తుంది. పచ్చి పొట్టును పుట్టగొడుగు శిలీంధ్రంతో కంపోస్టు చేసే పద్ధతి కాయిర్ బోర్డు (కొబ్బరి పీచు పరిశ్రమను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్లు చెబుతారు, దాన్ని మీ పెరట్లో చేసి చూసి వారం వారం ఫొటోలు పెట్టండి. ఇవి తెలుగులో కూడా రాయండి, గూగుల్ అనువాదంతో కాదు, మీ నాన్నగారు చెప్పే మాటల్లోనే. ఇంగ్లీషులో కోకోపీట్ గురించి రాసినవాళ్లు లెక్కలేనంత మంది. తెలుగులో కొలతలతో రాసిన పేజీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఇక్కడ మీకు పోటీ తక్కువ.

ఆ పేజీల్లోంచి మీ దిమ్మల పేజీలకు లింకులు ఇచ్చుకోవడం మర్చిపోకండి. బయటి లింకులు వచ్చేది ఆ ఈసీ పేజీకి. అక్కడి నుంచి బోదె తవ్వకపోతే అమ్మకం పేజీలకు నీళ్లు అందవు. "5 కిలోల కడిగిన దిమ్మ" లాంటి మామూలు మాటలతో ఒకటి రెండు చోట్ల లింకు ఇస్తే సరిపోతుంది. ఈ లోపలి లింకులు పూర్తిగా మీ చేతిలో ఉన్నాయి, ఎవరినీ అడగక్కర్లేదు.

పేజీ తయారయ్యాక ఎవరికి చెప్పాలి? ముందు మీ సరుకు ఇప్పటికే వాడుతున్నవాళ్లకు. కడియం, కడియపులంక నర్సరీల్లో మీరు సరుకు వేసేవాళ్లు ఉన్నారన్నారు. వాళ్లలో కొందరికి సొంత వెబ్‌సైట్లు ఉన్నాయి, దేశమంతా మొక్కలు పంపుతారు. మొక్క వచ్చాక కుండీ మార్చేటప్పుడు ఏ మిశ్రమం కలపాలో వాళ్ల కస్టమర్లు రోజూ అడుగుతుంటారు. ఆ జవాబు రాసి ఇస్తానని మీరే అడగండి, అందులో పొట్టు కడగడం గురించి చెప్పే చోట మీ కొలతల పేజీకి లింకు పెట్టమనండి. మీరు కూడా మీ సైటులో "మా సరుకు ఎక్కడ దొరుకుతుంది" అని వాళ్ల పేర్లు పెట్టొచ్చు. నిజంగా వ్యాపారం ఉన్న ఇద్దరు ముగ్గురి మధ్య ఇది మామూలే. యాభై మందితో "నువ్వు నాకు, నేను నీకు" అని లింకులు మార్చుకుంటేనే గూగుల్ దాన్ని తప్పు కింద చూస్తుంది.

అంబాజీపేటలోనే ఉద్యాన పరిశోధన కేంద్రం ఉంది, వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వైఎస్ఆర్ ఉద్యాన విశ్వవిద్యాలయం కిందిది. అక్కడికి వెళ్లి లింకు ఇవ్వండి అని అడగకండి. మీ యూనిట్ చూపిస్తామనండి, విద్యార్థులు ప్రాజెక్టు చేసుకుంటామంటే పొట్టు నమూనాలు ఇవ్వండి, మీ కొలతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి చెప్పమనండి. అందులోంచి ఏదో ఒక నివేదికలో మీ పేరు రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా రాకపోయినా మీ పేజీ మాత్రం మెరుగుపడుతుంది. కాలేజీ సైటు లింకు అంటే ప్రత్యేకమైన బలం ఉంటుందని కొందరు అమ్ముతారు. అది నిజం కాదు, అలాంటి డొమైన్ అయినంత మాత్రాన అదనపు విలువ ఉండదని గూగుల్ వాళ్లే చెప్పారు. ఎగుమతి ఆలోచన ఉంటే కొచ్చిలో ప్రధాన కార్యాలయం ఉన్న కాయిర్ బోర్డులో ఎగుమతిదారుగా నమోదు చేసుకోండి. అది లింకు కోసం కాదు, కొనేవాడు మిమ్మల్ని నమ్మడానికి.

తర్వాత మిద్దె తోటల గురించి రాసేవాళ్లు. వీళ్లకు ఉత్తరం రాసే పద్ధతి ముఖ్యం, ఎక్కువమంది ఇక్కడే పాడుచేసుకుంటారు. "డియర్ సర్, మీ వండర్‌ఫుల్ బ్లాగు చదివాను" అని ఒకే మెయిల్ రెండు వందల మందికి కొడితే ఒక్కరూ జవాబివ్వరు. పది మందిని ఎంచుకోండి. వాళ్లు రాసింది నిజంగా చదవండి. నేనైతే ఇలా రాస్తాను:

"నమస్కారమండి. కుండీల్లో టమాటా పెంచడం గురించి మీరు రాసింది చదివాను. కోకోపీట్‌ను రెండుసార్లు కడగమని చెప్పారు. ఎన్నిసార్లు కడిగితే ఉప్పు ఎంత తగ్గుతుందో మా యూనిట్‌లో కొలిచి, ఫొటోలతో పెట్టాం. మూడోసారి కడిగితే తేడా ఎంతో కూడా అందులో ఉంది. మీ చదువరులకు పనికొస్తుందనిపిస్తే ఆ పేజీ చెప్పగలరు. మా కొలతల్లో పొరపాటు కనిపిస్తే తప్పకుండా చెప్పండి, సరిచేసుకుంటాం. మాది అంబాజీపేట, మేం పొట్టు దిమ్మలు తయారు చేసి అమ్ముతాం."

చివరి వాక్యం వదిలేయకండి. మనం అమ్మేవాళ్లమని ముందే చెప్తే అవతలివాళ్లకు నమ్మకం కుదురుతుంది. జవాబు రాకపోతే పది రోజుల తర్వాత ఒక్కసారి గుర్తు చేయండి, ఇక వదిలేయండి. నా అనుభవంలో పది మందికి రాస్తే ఒకరో ఇద్దరో స్పందిస్తారు. తక్కువ అనిపిస్తుంది గానీ, ఆ ఒక్కరి వెనకాల నిజంగా తోట పెంచేవాళ్లు ఉంటారు. లింకు వల్ల ర్యాంకు మారడానికి ముందే ఆర్డర్లు వస్తాయి.

మంచి లింకు అవునో కాదో తేల్చుకోవడానికి నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను: గూగుల్ అనేదే లేకపోయినా ఈ లింకు నాకు కావాలా? దాని మీద నొక్కి ఒక మనిషి నా దగ్గరికి వచ్చే అవకాశం ఉందా? ఉంటే దాని కోసం కష్టపడతాను. లేకపోతే ఉచితంగా ఇచ్చినా వద్దంటాను.

ఫేస్‌బుక్ గ్రూపులు, యూట్యూబ్ వీడియో కింద పెట్టే లింకులు ర్యాంకుకు పనికొస్తాయా అని కూడా అడిగారు. వాటికి నోఫాలో గుర్తు ఉంటుంది. 2005లో బ్లాగుల కింద కామెంట్లలో చెత్త లింకులు ఎక్కువైనప్పుడు గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి ఆ గుర్తు తెచ్చాయి. అది ఉన్న లింకుకు పూచీ లేదని అర్థం. 2019లో గూగుల్ దాన్ని కచ్చితమైన ఆజ్ఞలా కాక సూచనలా చూస్తామని చెప్పి, డబ్బిచ్చి పెట్టించుకున్న లింకులకు స్పాన్సర్డ్ అని, వాడుకరులు రాసిన చోట్లకు యూజీసీ అని ఇంకో రెండు గుర్తులు ఇచ్చింది. కాబట్టి ఆ లింకులు నేరుగా ర్యాంకు పెంచుతాయని పెట్టుకోకండి. కానీ పొట్టు కడిగే వీడియో చూసిన వెయ్యి మందిలో ఒకరికి సొంత బ్లాగు ఉండొచ్చు, అతను రాసే లింకు లెక్కలోకి వస్తుంది. వికీపీడియాలో మీ లింకు మీరే పెట్టకండి, అక్కడా నోఫాలోనే, పైగా తీసేస్తారు. పూల ప్రదర్శనకో, కాలేజీ ఫెస్ట్‌కో డబ్బిచ్చి స్పాన్సర్ చేస్తే అందులో తప్పేమీ లేదు, ఆ లింకుకు స్పాన్సర్డ్ గుర్తు పెట్టమనండి, అంతే.

పేపర్ల సంగతి ఒక్క మాట. జిల్లా ఎడిషన్ విలేకరి మీ యూనిట్ గురించి రాస్తే అది వెబ్‌లో కూడా వస్తుంది, కానీ చాలాసార్లు లింకు ఉండదు. మర్యాదగా అడిగి చూడండి. ఇవ్వకపోయినా ఆ వార్త చదివినవాళ్లు మీ పేరుతోనే గూగుల్‌లో వెతుకుతారు, అదీ మంచిదే.

లింకులో ఉండే మాటలు ఏమిటన్నది అవతలివాళ్లకే వదిలేయండి. ఒకరు మీ బ్రాండ్ పేరు రాస్తారు, ఒకరు "ఈ పట్టిక చూడండి" అంటారు, ఒకరు "అంబాజీపేట వాళ్లు" అంటారు. సహజంగా అలాగే ఉంటుంది. అందరూ "బెస్ట్ కోకోపీట్ సప్లయర్ ఇన్ ఇండియా" అనే రాశారంటే అది కొన్నదేనని చూడగానే తెలిసిపోతుంది. మా లేసు సైటును ముంచింది సరిగ్గా అదే, లింకుల్లో చాలావాటిలో ఒకే ఇంగ్లీషు ముక్క.

మీ సైటుకు ఇప్పటికే ఏవేవో రష్యన్, చైనా సైట్ల నుంచి లింకులు ఉన్నాయని టెన్షన్ పడ్డారు. ప్రతి సైటుకూ అవి ఉంటాయి. మీరు కొనలేదు, మాన్యువల్ యాక్షన్ లేదు, కాబట్టి వాటిని ముట్టుకోకండి. డిసవో టూల్‌ను తెలియక వాడితే మంచి లింకులు కూడా పోతాయి. చెడ్డ లింకులు చాలా ఉండి, వాటి వల్ల మాన్యువల్ యాక్షన్ వచ్చినా, వచ్చేలా ఉన్నా మాత్రమే వాడమని గూగుల్ కూడా చెబుతుంది.

ఎంతకాలం పడుతుందంటే, రీడైరెక్ట్‌ల ఫలితం కొన్ని వారాల్లో కనిపించడం మొదలవుతుంది. కొత్త లింకులకు నెలలు. "కోకోపీట్" అనే ఒక్క మాటకు మీరు మొదటి పేజీకి వస్తారని నేను చెప్పలేను, అక్కడ అమెజాన్ లాంటివాళ్లు కూర్చున్నారు. "కోకోపీట్ ఎన్నిసార్లు కడగాలి", "రాజమండ్రిలో కోకోపీట్ హోల్‌సేల్", "లో ఈసీ కోకోపీట్ ఆంధ్ర" లాంటి వాటికి ఏడాదిలో రావచ్చు. కొనేవాడు వెతికేదీ ఎక్కువగా అలాగే. నెలకు ఒక పేజీ, పది ఉత్తరాలు, ఇంతకన్నా ఎక్కువ పెట్టుకోకండి, యూనిట్ పని కూడా ఉంటుంది కదా.

ఈ వారం పాత డొమైన్ రెన్యువల్ చూసి, రెండు సైట్ల లింకుల రిపోర్టులు దించి నాకు పంపండి. ఏ పాత పేజీని ఎక్కడికి తిప్పాలో మీతో కూర్చుని రాసిపెడతాను. ఈసీ మీటరు మాత్రం ఇప్పుడే కొనండి. కాలువలు కట్టేయకముందు ఒక కొలత, కట్టేశాక ఒక కొలత చేతిలో ఉండాలి, ఆ రోజులు దాటిపోతే మళ్లీ ఏడాది ఆగాల్సి వస్తుంది.